నట్టు ఎందుకు పట్టేస్తుంది? విరగకుండా ఎలా విప్పాలి?

బసంత్‌నగర్ మీదుగా రాజీవ్ రహదారిపై బొగ్గు లారీలు, సిమెంటు లారీలు ఎడతెగకుండా తిరుగుతాయి. వాటిని మరమ్మతుకు దింపినప్పుడు అసలు పని కంటే జంగు పట్టిన నట్లు విప్పడానికే ఎక్కువ పొద్దు పోతుంది. పానాకు పొడుగాటి పైపు తొడిగి బలమంతా పెడితే నట్టు రాదు, స్టడ్డే తెగుతుంది. ఎందుకలా?

ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెట్టింపుకు మించుతుంది. థ్రెడ్ల మధ్య ఉన్న వెంట్రుకవాసి సందు ఆ తుప్పుకు చాలదు. అది నట్టును బయటికి, బోల్టును లోపలికి నొక్కుతూ మేకు దిగగొట్టినట్టు బిగుసుకుంటుంది. బొగ్గు దుమ్ము తడిని ఆరనివ్వదు. సిమెంటు దుమ్మయితే వాన నీటికి బయటి థ్రెడ్లలోనే గట్టిపడుతుంది. అందుకే ముందు వైరు బ్రష్షుతో థ్రెడ్లను శుభ్రం చేయాలి. ఆ పెంకు పోకుండా ఎంత నూనె పోసినా లోపలికి దిగదు.

శుభ్రమయ్యాక తుప్పు వదిలించే పలచని నూనె పోసి, నట్టు పక్కలపై సుత్తెతో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. ఆ అదురుకు తుప్పు పగిలి సన్నని దారులు ఏర్పడతాయి, నూనె వాటి వెంట పాకుతుంది. రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. తెల్లారి ఆరు మూలల సాకెట్ వేసి, మొదట కాస్త బిగించే వైపు తిప్పండి. చిటుక్కుమని కదిలిందంటే తుప్పు పట్టు తెగినట్టే. అక్కడి నుంచి పావు చుట్టు విప్పడం, కొంచెం వెనక్కి బిగించడం, మళ్లీ నూనె వేయడం. తొందరపడితే రాలిన తుప్పు పొడి థ్రెడ్లలో ఇరుక్కుని మళ్లీ పట్టేస్తుంది. కొన్ని పాత లారీల్లో ఎడమవైపు చక్రాల స్టడ్లకు ఉల్టా థ్రెడ్ ఉంటుంది. అది చూసుకోకపోతే విప్పుతున్నామనుకుని బిగిస్తుంటాం.

అప్పటికీ రాకపోతే వేడి. కాల్చాల్సింది నట్టును, బోల్టును కాదు. 20 మిల్లీమీటర్ల రంధ్రమున్న ఉక్కు నట్టును 300 డిగ్రీల మేర వేడి చేస్తే రంధ్రం సుమారు 0.07 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే చాలు. అయితే చక్రం నట్లకు గ్యాస్ మంట అసలు పెట్టకండి. వేడికి రబ్బరు కాగి, లోపల వాయువులు పుట్టి టైరు పేలవచ్చు. గాలి తీసేసినా ఆ ప్రమాదం పూర్తిగా పోదు. మీథేన్ ఉండే భూగర్భ గనుల్లోనూ అంతే. అక్కడ పంపు బోల్టుకు మంట పెట్టే ఆలోచనే వద్దు. నట్టును చీల్చే పనిముట్టు వాడాలి, లేదా ఆ భాగాన్ని పైకి తెచ్చి వర్క్‌షాపులో విప్పాలి.

అల్యూమినియం గేరుబాక్సులో ఉక్కు బోల్టు పట్టేస్తే కథ వేరు. రెండు వేర్వేరు లోహాలకు తడి తగిలితే చిన్న విద్యుత్ ఘటమే తయారై అల్యూమినియాన్ని తినేస్తుంది, తెల్లని పొడి థ్రెడ్లలో నిండుతుంది. దీని ఉగ్రరూపం సముద్రపు పడవల్లో కనిపిస్తుంది. వోల్వో పెంటా కంపెనీ 1959లో తెచ్చిన స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజిను పడవ లోపల, ప్రొపెల్లరును తిప్పే అల్యూమినియం కాలు వెనక నీళ్లలో ఉంటాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు ఉప్పునీటిలో ఆ కాలికి అతుక్కుపోతాయి. ఆ తినివేతను తమ మీదికి తీసుకోవడానికే దానికి జింక్ ముక్కలు బిగిస్తారు. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి కొద్దిపాటి వేడి బాగా పనిచేస్తుంది. కానీ స్వచ్ఛమైన అల్యూమినియమే 660 డిగ్రీలకు కరుగుతుంది, ఉక్కులా ముందు ఎర్రబడి హెచ్చరించదు. హాట్ ఎయిర్ గన్ చాలు, గ్యాస్ కట్టర్ వద్దు.

స్టడ్డు తెగితే దాని మొండెంపై కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేయడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి ఉపాయం. పట్టు దొరుకుతుంది, వెల్డింగ్ వేడికి తుప్పు పట్టూ వదులుతుంది.

తిరిగి బిగించేటప్పుడు థ్రెడ్లకు యాంటీ సీజ్ పేస్టు పూయండి, చక్రం స్టడ్లకు మాత్రం కంపెనీ చెబితే తప్ప వద్దు. తలపై 8.8, 10.9 అని ఉన్న బోల్టు ఒకసారి మంటలో కాలితే దాని బలం పోతుంది. బ్రేకుల దగ్గర, స్టీరింగు దగ్గర దాన్ని మళ్లీ బిగించకండి, కొత్తది వేయండి.