మా హాల్లో ముగ్గురు ఆడవాళ్లు

"హాల్లో ఇదేం బొమ్మమ్మా! వెంకటేశ్వరస్వామి పటమో, మంచి సీనరీనో పెట్టుకోరాదా? పోయిపోయి కూలోళ్ల బొమ్మ తగిలించినావే!"

మొన్న మా ఇంటికొచ్చిన పెద్దత్త సోఫాలో కూర్చోకముందే అన్న మాట అది. మా ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను కాఫీ తెస్తానని వంటింట్లోకి జారుకున్నాను. ఆమెకు చెప్పాల్సిన జవాబు ఉంది. కానీ అది కాఫీ కప్పు చేతికిస్తూ చెప్పేంత చిన్నది కాదు.

నాకు బొమ్మలు గీయడం రాదు, చూడటమే వచ్చు. చిన్నప్పుడు మా ఇంట్లో బొమ్మలంటే నూనె మిల్లువాళ్లిచ్చే క్యాలెండర్లు, వాటిమీద రవివర్మ పద్ధతిలో లక్ష్మీదేవి, సరస్వతీదేవి. ఆ తర్వాత అమ్మ బైండు చేయించి దాచుకున్న పాత 'యువ' సంచికల్లో వడ్డాది పాపయ్య గారి బొమ్మలు. ఆ కళ్లు, ఆ జడలు, ఆ చీరల రంగులు ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు. అయితే ఆ వయసులో నాకు ఒక అభిప్రాయం పడిపోయింది. బొమ్మలోకి ఎక్కాలంటే ఆడది అందంగా ఉండాలి, చేతిలో పని ఉండకూడదు అని.

ఆ అభిప్రాయాన్ని పోగొట్టింది ఒక పాలు పోసే అమ్మాయి.

పాలు పోసే పిల్ల

హాలెండు చిత్రకారుడు వెర్మీర్ 1658 ప్రాంతంలో గీసిన బొమ్మ అది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. నేను అక్కడికి పోయిందీ లేదు, పోయేదీ లేదు. సెల్‌ఫోన్‌లోనే పెద్దది చేసుకుని చూశాను. అసలు బొమ్మ కూడా పెద్దదేం కాదు, మూరెడు కన్నా తక్కువే. కిటికీ పక్కన ఒక పనిమనిషి గిన్నెలోకి పాలు వంచుతూ ఉంటుంది. అంతే, కథేం లేదు. పాలధార సన్నగా పడుతోంది. ఆమె చూపంతా దానిమీదే. వెనక తెల్లగోడకు ఒక మేకు, మేకు ఊడిపోయిన బొక్కలు. మన వంటింటి గోడల్లాగే!

ఆమె నడుముకు కట్టుకున్న నీలం గుడ్డను చూడండి. ఆ నీలాన్ని ఆఫ్ఘనిస్తాన్ గనుల నుంచి వచ్చే రాయిని నూరి చేసేవాళ్లు. అప్పట్లో అంత ఖరీదైన రంగులు బహు తక్కువ. మరియమ్మ తల్లి వస్త్రాలకు వాడే రంగును ఆయన ఒక పనిమనిషి మైలగుడ్డకు వాడాడు!

వెర్మీర్ 1675లో అప్పులతో పోయాడు. భార్య కేథరీనాకు మిగిలింది పదకొండుమంది పిల్లలు. రొట్టెలవాడి బాకీ కింద ఆమె రెండు బొమ్మలు ఇచ్చుకోవలసి వచ్చింది. అంగడి పద్దు రాసుకునే ప్రతి ఇల్లాలికీ ఆ సంగతి గుచ్చుకుంటుంది. పాలూ రొట్టే అంత ప్రేమగా గీసిన మనిషి ఇంట్లో రొట్టె అప్పు!

బంగాళదుంపలూ, మరదలూ

రెండోది వాన్ గో 1885లో గీసిన 'బంగాళదుంపలు తినేవాళ్లు'. పైన ఒకే ఒక దీపం. దాని కింద అయిదుగురు, మధ్యలో ఒకే పళ్లెం. మొహాలు ముడుతలు పడి, చేతులు కణుపులు తేలి ఉంటాయి. మట్టిలో దుంపలు తవ్విన చేతులే ఇప్పుడు పళ్లెంలోకి వస్తున్నాయని చెప్పాలన్నదే తన ఉద్దేశమని ఆయన తమ్ముడు థియోకు రాశాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు సంగటి గుర్తొచ్చింది. కరెంటు పోయిన రాత్రి లాంతరు చుట్టూ కూర్చుని ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుని తిన్నవాళ్లకు ఈ బొమ్మకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఈ బొమ్మలు మనదాకా రావడం వెనక ఒక ఇల్లాలు ఉందని మీకు తెలుసా? వాన్ గో 1890లో చనిపోయాడు. ఆరు నెలలకే తమ్ముడు థియో కూడా పోయాడు. థియో భార్య యోహానాకు అప్పటికి 28 ఏళ్లు. చంకలో ఏడాది బిడ్డ. ఇంటినిండా ఎవరూ కొనని బొమ్మలు. వదిలించుకోమన్నవాళ్లు ఉన్నారు. ఆమె మాత్రం ఒక ఊళ్లో పూటకూళ్ల ఇల్లు నడుపుకుంటూ ఆ బొమ్మలన్నీ కాపాడింది, ప్రదర్శనలు పెట్టించింది. అన్నదమ్ముల ఉత్తరాలను సరిచూసి 1914లో అచ్చు వేయించింది. వాన్ గో పేరు ఎరిగినవాళ్లలో ఎంతమందికి ఆ మరదలి పేరు తెలుసు?

పెళ్లిచూపుల గది

మన దేశంలో నాకు ప్రాణం అమృతా షేర్‌గిల్. తల్లి హంగేరీ ఆమె, తండ్రి పంజాబు సర్దారు. పారిస్‌లో చదువుకుని 1934లో తిరిగొచ్చి, మరుసటేడు 'ముగ్గురు పిల్లలు' గీసింది. ముగ్గురమ్మాయిలు దగ్గరదగ్గరగా కూర్చుని ఉంటారు. నవ్వులేదు, ఏడుపూ లేదు. కళ్లు కిందికి. ఎవరో లోపలినుంచి పిలుస్తారు, పోవాలి, అంతే అన్నట్టు ఉంటుంది. పెళ్లిచూపుల రోజు ఇవతలి గదిలో కూర్చున్న ఏ అమ్మాయినైనా అడగండి, ఆ నిశ్శబ్దం ఏమిటో చెబుతుంది. 28 ఏళ్లకే, 1941లో లాహోరులో ఆమె కన్నుమూసింది.

మన రాళ్లమీద ఎరుపు

అంత దూరాలు పోనక్కర్లేదు. మన కడప జిల్లా ముద్దనూరు దగ్గర చింతకుంట రాళ్లలో ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. చాలామటుకు ఎర్రవి, కొన్ని తెల్లవి. పెద్ద మూపురం ఎద్దు, జింకలు, విల్లు పట్టిన మనుషులు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర కేతవరంలోనూ ఇట్లాంటివే ఉన్నాయి. గీసినవాళ్లు ఆడో మగో ఎవరు చెప్పగలరు? నాకు మాత్రం ఆ ఎద్దును చూడగానే మా జేజి గుర్తొచ్చింది. పండగ వస్తే ఆమె అరుగుకు ఎర్రమన్ను అలికి, దానిమీద సున్నంతో ముగ్గుకర్రలు దించేది. అవే ఎరుపూ తెలుపూ. అది బొమ్మ గీయడమేనని ఆమెతో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

మా జేజి పల్లె చింతకుంటకు దూరమేం కాదు. రాళ్లు చూసి ఆ సాయంత్రం ఆమె దగ్గరికే పోయాం. ఫోన్‌లో నాకిష్టమైన బొమ్మలన్నీ ఒక్కొక్కటీ చూపించాను. పాలపిల్లను చూసి, "సన్నంగా వంపుతాండాదే, పొదుపైన మనిసి" అంది. ఆ తర్వాత వచ్చింది మిల్లే బొమ్మ.

మిల్లే ఫ్రాన్సులో రైతుబిడ్డ. 1857లో ఆయన గీసిన ఈ బొమ్మ ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. కోత అయిపోయిన చేలో ముగ్గురు ఆడవాళ్లు రాలిన వెన్నులు ఏరుకుంటున్నారు. ఇద్దరు పూర్తిగా వంగి ఉన్నారు, మూడో ఆమె సగం వంగి ఉంది. దూరంగా ఆసామి కుప్పలు, బండ్లు, గుర్రంమీద పెత్తందారు. బొమ్మ ప్రదర్శనకు పెట్టినప్పుడు పారిస్ పెద్దమనుషులకు రుచించలేదు. బీదవాళ్లను అంత పెద్దగా, అంత గౌరవంగా గీయడమేమిటని వాళ్ల కోపం.

జేజి కళ్లు చిట్లించి చూసింది. "పరిగె ఏర్తాండారు. యా ఊరోల్లు?"

"ఫ్రాన్సు దేశం జేజీ. నూట అరవై ఏండ్ల పైమాటే."

"ఈ మూడో మనిసిని సూడు. నడుం పట్టేసినట్టుండాది. పూరాగా లెయ్యలేక, మల్లా వంగలేక..." అని ఆగిపోయింది. చాలాసేపటికి, "నేనూ పోయినా పాపా" అంది.

ఒక కరువు సంవత్సరం. మా చేలో విత్తిన గింజలు కూడా తిరిగి రాలేదు. పక్కూర్లో బాయి కింద శెనిక్కాయ పీకినారని తెలిసి, ఇంకా తెల్లవారకముందే ఇద్దరాడవాళ్లతో కలిసి పోయిందట. మొహం కనపడకుండా కొంగు కప్పుకుని, పుల్లతో మట్టి గెలికి, మిగిలిపోయిన కాయలు ఒడిలో వేసుకుందట. బొమ్మలోవాళ్లు కూడా అట్లాగే గుడ్డను ఒడిలా కట్టుకుని ఉంటారు. అట్లా నాలుగైదు రోజులు. ఆ కాయలు ఆడిస్తే వచ్చిన నూనే ఆ ఏడు ఇంటికి.

"మరి అబ్బ ఏమన్లేదా?"

"మీ అబ్బకు తెలిస్తే కదా! పుట్టినింటోల్లు పంపినారని చెప్పినా. సచ్చేదాకా అదే నమ్మినాడు. మా అన్నదమ్ముల్ని పొగిడేవాడు."

జేజి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరవై ఏళ్లుగా ఆ నడుంనొప్పిని ఆమె ఎవరికీ చూపించలేదు. పారిస్ పెద్దమనుషులు చూడలేకపోయింది, మా ఇంట్లో మేమెవరమూ చూడనిది, రెండూ ఒకటే కదా!

"ఇది రాయచ్చా జేజీ?" అని అడిగాను.

"రాసుకో పో. ఇంగెవురి ముందర సిగ్గు?"

కడపకు రాగానే ఫోటో స్టూడియోలో ఆ బొమ్మ ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించాను. అదే మా హాల్లో ఉన్నది.

మా పెద్దత్త ఈ పేజీ వారంవారం వదలకుండా చదువుతుంది. ఆ నూనెతో తాలింపు పెట్టిన కూడు తిని పెరిగిన పిల్లల్లో పెద్దది ఆమే. అత్తా, ఈసారి వచ్చినప్పుడు ఆ బొమ్మలో మూడో మనిషిని కొంచెం దగ్గరికి పోయి చూడు. కాఫీ తర్వాత తాగుదాం.