అమ్మ మాటే... తొలి పరీక్ష!

'పిల్లాడు ఎప్పటిలా లేడండీ...' పిల్లల డాక్టర్ల దగ్గర తల్లుల నోట తరచూ వినిపించే మాటిది. థర్మామీటరులో జ్వరం వందే ఉండొచ్చు. అయినా అనుభవమున్న డాక్టరు ఆ మాటను తేలిగ్గా తీసుకోరు. ఏడాది పసివాడు ఎక్కడ బాధో చెప్పలేడు. వాడి తరఫున చెప్పాల్సింది అమ్మే!

అందుకే స్టెతస్కోపు పెట్టకముందే ప్రశ్నలు మొదలవుతాయి. జ్వరం ఎన్నాళ్ల నుంచి? పాలు బాగా తాగుతున్నాడా? ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు? ఏ మందు, ఎంత వేశారు? టీకాలన్నీ వేయించారా? ఒక్కో ప్రశ్న వెనకా ఒక్కో అనుమానం. మూత్రం బాగా తగ్గితే ఒంట్లో నీరు ఇంకిపోతోందేమో! ఇంట్లో పెద్దవాళ్లకు రెండు వారాలకు మించి దగ్గుంటే బిడ్డకూ క్షయ సోకిందేమో!

రెండు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో ప్రమాదాన్ని పసిగట్టేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1990ల్లో ఓ పద్ధతిని రూపొందించాయి. అందులో ముఖ్యమైనవి నాలుగు... బిడ్డ పాలు, నీళ్లు తాగలేకపోవడం, ఏం పట్టినా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా లేవకుండా మగతగా పడి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

దగ్గు, ఆయాసం ఉంటే మీరూ చేయగల పరీక్ష ఒకటుంది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40... అంతకన్నా ఎక్కువున్నా, అంతే ఉన్నా నెమ్ము కావచ్చు. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే మరీ ప్రమాదం.

ఇక మూడు నెలలలోపు పసికందుకు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంటి వైద్యం వద్దేవద్దు. ఆ వయసులో జ్వరం తప్ప మరే లక్షణమూ కనపడకుండానే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిపోవచ్చు.

'పళ్లొస్తున్నాయిలే', 'దిష్టి తగిలింది, ఉప్పు తిప్పెయ్' అని ఇంట్లో పెద్దలంటారు. ఉప్పు తిప్పండి, తప్పులేదు. కానీ బిడ్డ మగతగా ఉంటే ఆ తర్వాత పొద్దున దాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి.

బయల్దేరేటప్పుడు టీకాల కార్డు, వేసిన మందు సీసా వెంట తీసుకెళ్లండి. ఏది ఎప్పుడు మొదలైందో ఓ కాగితం మీద రాసుకోండి. కంగారులో మరిచిపోయే ఆ చిన్న సంగతే డాక్టరుకి అసలు ఆధారం కావచ్చు.