విండోస్ 10కు సపోర్ట్ ఆగింది.. పాత కంప్యూటర్‌లో గేమ్‌ల సంగతేంటి? లైనక్స్‌కు మారేముందు ఇవి చూసుకోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. 2015 జూలైలో వచ్చిన ఈ సిస్టమ్ పదేళ్లు మన ఇళ్లలో నడిచింది. పగలు అబ్బా దుకాణం లెక్కలు, సాయంత్రం చెల్లి కాలేజీ ప్రాజెక్టు, రాత్రి తమ్ముడి గేమ్‌లు.. చాలా ఇళ్లలో అన్నిటికీ ఒకటే కంప్యూటర్. ఇప్పుడు అక్కడ రోజూ ఒకటే గొడవ. పిల్లలు కొత్తది కొనమంటారు. పెద్దలు "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు?" అంటారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మధ్యలో మూడో దారి కూడా ఒకటి ఉంది. ఆ పాత కంప్యూటర్‌లోనే లైనక్స్ వేసుకోవడం. పైసా ఖర్చు లేదు, చట్టబద్ధం, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. గేమ్‌లు కూడా ఆడొచ్చు. అయితే అన్నీ కాదు. ఈ మార్పు మీ ఇంటికి సరిపోతుందా లేదా అన్నది ముందుగా తేల్చేది మీ పిల్లలు ఆడే గేమ్ పేరు. కంప్యూటర్ వయసు ఆ తర్వాతి మాట.

సపోర్ట్ ఆగితే ఏమవుతుంది?

కంప్యూటర్ ఆగిపోదు. ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, గేమ్‌లూ తెరుచుకుంటాయి. ఆగిపోయేది సెక్యూరిటీ అప్‌డేట్. సిస్టమ్‌లో కొత్త లోపం బయటపడితే దాన్ని పూడ్చేవారు ఇక ఉండరు. తాళం బాగానే ఉంది, కానీ దానికి మారు తాళంచెవులు బజార్లో తిరుగుతున్నాయన్నమాట. గేమ్ వరకైతే పెద్ద నష్టం లేదనుకోవచ్చు. కానీ అదే కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు, ఆధార్ స్కాన్ కాపీలు ఉంటే అది ఇంటిల్లిపాది సమస్య.

కొంత గడువు కావాలంటే ఒక వెసులుబాటు ఉంది. మైక్రోసాఫ్ట్ ఇంటి వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రకటించింది. 30 డాలర్లు కట్టడం ఒక పద్ధతి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే పొందొచ్చు. అయితే ఇది గడువు పొడిగింపు మాత్రమే.

విండోస్ 11 వేసుకోవచ్చు కదా?

మీ కంప్యూటర్ ఒప్పుకుంటే అదే సులువు. కానీ విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఏఎండీ రైజన్‌లో 2000 సిరీస్ నుంచి మొదలవుతుంది. అంటే 2017కు ముందు కొన్న కంప్యూటర్లలో చాలావరకు బయటే. కొన్ని షాపుల్లో ఈ చెకింగ్‌ను దాటించి విండోస్ 11 వేసిస్తారు. పని చేస్తుంది కూడా. కానీ అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారెంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఏ సెక్యూరిటీ కోసమైతే మారుతున్నామో అదే లేకపోతే లాభమేంటి?

ఇక కొత్త గేమింగ్ కంప్యూటర్ అంటే యాభై వేల పైమాటే. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి.

లైనక్స్‌లో విండోస్ గేమ్ ఎలా ఆడుతుంది?

లైనక్స్‌ను 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌కు పునాది కూడా అదే. కంప్యూటర్ల కోసం దీన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా తయారు చేసి ఉచితంగా ఇస్తారు. ఉబుంటు, లైనక్స్ మింట్, ఫెడోరా అన్నీ ఆ కుటుంబానివే.

గేమ్‌లు తయారు చేసే కంపెనీలు ఎక్కువగా విండోస్ కోసమే రాస్తాయి. ఆ భాష లైనక్స్‌కు రాదు. మన ఇళ్లలో ఉర్దూ తప్ప మరో భాష రాని నానీని ఆస్పత్రికి తీసుకెళ్తే ఏం చేస్తాం? నానీ చెప్పింది మనవడు డాక్టర్‌కు తెలుగులో చెబుతాడు, డాక్టర్ చెప్పింది నానీకి ఉర్దూలో చెబుతాడు. నానీ మారలేదు, డాక్టరూ మారలేదు. మధ్యలో దుబాసీ ఉన్నాడంతే.

లైనక్స్‌లో ఆ దుబాసీ పేరు ప్రోటాన్. స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ దీన్ని 2018 ఆగస్టులో తెచ్చింది. 1993 నుంచి నడుస్తున్న వైన్ అనే ఉచిత ప్రాజెక్టు దీనికి ఆధారం. విండోస్ గేమ్ బొమ్మలు గీయడానికి డైరెక్ట్‌ఎక్స్‌ను పిలుస్తుంది. ప్రోటాన్ ఆ పిలుపును అప్పటికప్పుడు వల్కన్ అనే మరో పద్ధతిలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ అమ్మకం మొదలుపెట్టిన స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్ నడిచేది లైనక్స్ మీదే. దాని కోసం కంపెనీ పెట్టిన శ్రమ వల్లే మామూలు కంప్యూటర్ల మీద కూడా ప్రోటాన్ ఇంత మెరుగుపడింది.

విచర్ 3, సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్, జీటీఏ 5 స్టోరీ మోడ్ లాంటివి ఈ పద్ధతిలో ఆడుకోవచ్చు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2, మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లకైతే దుబాసీ కూడా అక్కర్లేదు. అవి నేరుగా లైనక్స్‌కే ఉన్నాయి.

అసలు చిక్కు ఇక్కడే

ఆన్‌లైన్ గేమ్‌లలో మోసం చేసేవారిని పట్టుకోవడానికి కంపెనీలు యాంటీ చీట్ అనే కాపలా పెడతాయి. కొన్ని కాపలాలు విండోస్ లోపలి గది దాకా, అంటే కెర్నెల్ దాకా వెళ్లి చూస్తాయి. లైనక్స్‌లో ఆ గది కట్టుబడే వేరు. దాంతో కాపలా "నాకు తెలియని ఇల్లు" అని గేమ్‌ను తలుపు దగ్గరే ఆపేస్తుంది. కొన్ని యాంటీ చీట్‌లకు లైనక్స్‌లో పనిచేసే ఏర్పాటు ఉన్నా, దాన్ని ఆన్ చేయాలా వద్దా అన్నది గేమ్ కంపెనీ ఇష్టం. మీ కంప్యూటర్ ఎంత బలమైనదైనా ఇక్కడ చేసేదేమీ లేదు.

వాలరెంట్, ఫోర్ట్‌నైట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్, కంప్యూటర్ పబ్జీ, కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్, కొత్త ఈఏ ఫుట్‌బాల్ గేమ్‌లు లైనక్స్‌లో ఆడవు. ఎపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు ఆడేది, 2024 అక్టోబర్ చివర్లో కంపెనీయే ఆపేసింది. జీటీఏ ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబర్‌లో కొత్త కాపలా పెట్టడంతో అదీ పోయింది. కంప్యూటర్‌లో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఆడటానికి పిల్లలు వాడే బ్లూస్టాక్స్ కూడా లైనక్స్‌కు లేదు.

కాబట్టి పెన్ డ్రైవ్ తీయకముందే పిల్లాడిని కూర్చోబెట్టి అడగండి: "నువ్వు రోజూ ఆడే ఐదు గేమ్‌ల పేర్లు చెప్పు." వాటిని ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో వెతకండి. ఆడి చూసినవాళ్లు ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, బోర్క్‌డ్ అని మార్కులు ఇచ్చి ఉంటారు. ప్లాటినం, గోల్డ్ అయితే బేఫికర్. బోర్క్‌డ్ అంటే ఆడదని అర్థం. ఐదులో నాలుగు బోర్క్‌డ్ అయితే మారడం అనవసరం. పిల్లాడు వారంలో మళ్లీ విండోస్ వేయిస్తాడు, మీకు డబుల్ పని.

గ్రాఫిక్స్ కార్డు కూడా చూడాలి

లైనక్స్ వేయగానే పాత కార్డుకు కొత్త బలం రాదు. విండోస్‌లో ముక్కుతూ మూలుగుతూ ఆడిన గేమ్ ఇక్కడా అలాగే ఆడొచ్చు. ఇంకో మాట. ఇప్పటి ప్రోటాన్‌కు వల్కన్ 1.3 ఉన్న కార్డు కావాలి. మన దగ్గర తెగ అమ్ముడైన జీటీ 710 లాంటి పాత ఎన్‌విడియా కార్డుల్లో అది లేదు. వాటిలో చాలా గేమ్‌లు తెరుచుకోవు. జీటీఎక్స్ 1050, 1650, ఏఎండీ ఆర్‌ఎక్స్ 570, 580 లాంటివి ఉంటే ఇబ్బంది లేదు.

కొత్తగా వేసిన గేమ్ మొదటిసారి తెరుచుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. బొమ్మల లెక్కలను మీ కార్డుకు తగ్గట్టు తయారు చేసుకుంటోందని అర్థం. హ్యాంగ్ అయిందనుకుని ఆపేయకండి.

ఇంటి పనులు ఆగకూడదు

గేమ్‌ల జాబితా పక్కనే ఇంటి పనుల జాబితా కూడా రాయండి. బ్రౌజర్‌లో జరిగే పనులకు ఢోకా లేదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లైనక్స్‌లో ఉన్నాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, యూట్యూబ్, జూమ్ క్లాసులు మామూలే. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ ఉంటుంది. తెలుగు టైపింగ్, ఉర్దూ నస్తాలీఖ్ ఫాంట్లు దొరుకుతాయి.

దుకాణం లెక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. టాలీ ప్రైమ్ విండోస్ కోసం తయారైంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవారు కూడా అది లైనక్స్‌లో పనిచేస్తుందో లేదో ముందు చూసుకోవాలి. రిటర్న్ వేయాల్సిన చివరి తేదీ ముందు రోజు ఇలాంటి మార్పు అసలు పెట్టుకోకండి. టాలీ తప్పనిసరి అయితే ఒకే కంప్యూటర్‌లో రెండూ ఉంచుకోవచ్చు. దీన్ని డ్యూయల్ బూట్ అంటారు. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవడమే. విండోస్‌ను లెక్కలకే ఉంచి, దానికి పైన చెప్పిన అదనపు అప్‌డేట్లు పెట్టుకోండి. బ్రౌజింగ్, బ్యాంకు పనులు, గేమ్‌లు లైనక్స్‌లో చేసుకోండి.

మారే పద్ధతి

కొత్తవారికి లైనక్స్ మింట్ నయం. చూడటానికి విండోస్ లాగే కింద బార్, మూలన మెనూ ఉంటాయి. 4 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది, గేమ్‌లకైతే 8 జీబీ ఉంటే మంచిది. కంప్యూటర్ పూర్తిగా గేమ్‌లకే అయితే ఫెడోరా ఆధారంగా చేసిన బాజైట్ చూడొచ్చు.

మొదట నికాహ్ వీడియోలు, ఫొటోలు, సర్టిఫికెట్లు, టాలీ డేటా అన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ తెరుచుకుంటోందో లేదో వేరే కంప్యూటర్‌లో చూడండి. ఈ ఒక్క పని వదిలేస్తే తర్వాత ఎవరూ కాపాడలేరు.

తర్వాత మింట్ సైట్ నుంచి ఫైల్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్ డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తూ ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ నొక్కితే ఎక్కడి నుంచి తెరవాలో అడుగుతుంది. కంపెనీని బట్టి ఆ బటన్ మారుతుంది. పెన్ డ్రైవ్ ఎంచుకోండి.

మింట్ మీ హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్ డ్రైవ్ నుంచే తెరుచుకుంటుంది. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయా అని ఓ గంట వాడి చూడండి. నచ్చకపోతే పెన్ డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేయండి, మీ విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. నచ్చితే ఇన్‌స్టాల్ నొక్కండి. విండోస్ పక్కనే వేయాలా, డిస్క్ మొత్తం చెరిపి వేయాలా అని అడిగినప్పుడు ఆగి, చదివి, అప్పుడు నొక్కండి. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

ఎన్‌విడియా కార్డు ఉంటే మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి అది సిఫారసు చేసిన డ్రైవర్ వేయండి. ఏఎండీ, ఇంటెల్‌కు మామూలుగా అవసరం రాదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి స్టీమ్ వేసి, సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ దగ్గర స్టీమ్ ప్లే ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎపిక్, జీఓజీ స్టోర్లలో కొన్న గేమ్‌లకు హీరోయిక్ గేమ్స్ లాంచర్ ఉంది. పాత విండోస్ డ్రైవ్‌లో ఉన్న గేమ్‌లను అక్కడి నుంచే ఆడాలని చూడకండి, సతాయిస్తాయి. లైనక్స్ డ్రైవ్‌లోకి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడమే మేలు. స్టీమ్ ఫ్యామిలీస్‌లో పిల్లలు రోజుకు ఎంతసేపు ఆడాలో పెద్దలే పరిమితి పెట్టొచ్చు. అది లైనక్స్‌లోనూ ఉంది.

ఎక్కడైనా ఆగిపోతే, తెలుగులో ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లో ఉంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో కూడా ఈ పని తెలిసిన కుర్రాళ్లు దొరుకుతారు.

క్రాక్ గేమ్‌ల మాట

చాలా ఇళ్లలో విండోస్ క్రాక్‌దే, గేమ్‌లూ క్రాక్‌వే. అలాంటి ఫైళ్లు యాంటీవైరస్ ఆపేయమని అడుగుతాయి. దొంగ సాఫ్ట్‌వేర్ లోపలికి రావడానికి అంతకంటే సులువైన దారి లేదు. దీనికి దీన్ వైపు నుంచి కూడా జవాబు ఉంది. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో రచనలు, ఆవిష్కరణల మీద హక్కులు షరీఅత్ గుర్తించినవేనని, వాటిని అతిక్రమించడం తగదని తీర్మానించింది. లైనక్స్‌లో ఈ తలనొప్పి లేదు. ఇచ్చేవాళ్లే "తీసుకోండి, పంచుకోండి" అని ఇస్తున్నారు. గేమ్‌లకైతే స్టీమ్ సేల్ కోసం కాస్త ఆగితే, పాతవి చాలా తక్కువ ధరకు దొరుకుతాయి.

చివరికి లెక్క ఇలా తేల్చుకోండి. ఇంట్లో ఆడేవి స్టోరీ గేమ్‌లు, కౌంటర్ స్ట్రైక్, మైన్‌క్రాఫ్ట్ జావా అయి, కార్డు సరిపోతే ఈ ఆదివారమే మారొచ్చు. టాలీ కూడా ఉంటే డ్యూయల్ బూట్. పిల్లాడి ప్రాణం వాలరెంట్, ఫోర్ట్‌నైట్‌లోనే ఉంటే అదనపు అప్‌డేట్లు పెట్టుకుని ఆ గడువులోగా కొత్త కంప్యూటర్‌కు డబ్బు కూడబెట్టండి. ఏ దారి పట్టినా, అప్‌డేట్లు రాని విండోస్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం మాత్రం ఈరోజే మానేయండి.