దైవకణమా? మానవ ప్రయత్నమా?

"దేవుడి కణం దొరికిందట గదా మాస్టారూ! ఇంతకూ దేవుడున్నట్టా, లేనట్టా?" అని 2012లో ఒక విద్యార్థి నన్నడిగాడు. తెలుగు చెప్పుకొనే పంతులుకు ఈ గొడవెందుకని నవ్వి ఊరుకొన్నాను. కాని ఆ ప్రశ్న నన్ను ఊరుకోనివ్వలేదు. నాలుగు పుస్తకాలు తిరగవేశాను.

విశ్వమంతటా ఒక క్షేత్రం వ్యాపించి ఉన్నదట. ఎలక్ట్రాను వంటి మూలకణాలకు ద్రవ్యరాశి దానివల్లనే కలుగుతున్నదట. ఎలక్ట్రానుకు ద్రవ్యరాశి లేకుంటే పరమాణువు నిలవదు. పరమాణువు లేనిదే నీరూ లేదు, నేలా లేదు, మనమూ లేము. ఈ ఊహకు 1964లో పునాది వేసినవారిలో పీటర్ హిగ్స్, రాబర్ట్ బ్రౌట్ ఉన్నారు.

ఊహ సరే, రుజువేదీ? జెనీవా దగ్గర సెర్న్ సంస్థవారు 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటానులను ఢీకొట్టించి వెదికారు. 2012 జులై 4న కొత్త కణం కనబడిందని ప్రకటించగానే, సభలో ఉన్న 83 ఏళ్ల హిగ్స్ కంట తడిపెట్టాడు. బ్రౌట్ ఆ మాట వినకుండానే 2011లో కన్నుమూశాడు.

"దైవకణ"మన్న పేరు హిగ్స్‌కే నచ్చలేదు. అసలు పేరు హిగ్స్ బోసాన్. ఆ "బోసాన్" మన సత్యేంద్రనాథ్ బోసు పేరే!

సెర్న్‌ను 1954లో స్థాపించినవారిలో జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్ ఉన్నాయి. అంతకు పదేళ్లనాడు అవి రణరంగంలో తలపడినవే.

మర్నాడు ఆ కుర్రవాడితో అన్నాను: "దేవుడి సంగతి నాకు తెలియదు నాయనా! పగవాళ్లు చేతులు కలిపి, 48 ఏళ్లు ఓపికపడితే దొరికిందిది. మనిషున్నాడని మాత్రం రుజువైంది."