మూలికా మందులు – గని కార్మికుని ఊపిరితిత్తులు

మూలికలు ప్రకృతిసిద్ధమైనవి గనుక వాటివల్ల కీడు ఉండదన్న నమ్మకం సరికాదు. జపానులో కాలేయ వ్యాధికి విరివిగా వాడిన 'షో-సైకో-తో' అనే ఏడు మూలికల మందు కొందరి ఊపిరితిత్తులలో వాపు పుట్టించింది. 1994 తర్వాత అటువంటి రోగులు 88 మంది తేలారనీ, వారిలో 10 మంది మరణించారనీ 1996లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

సింగరేణి గనులున్న గోదావరిఖని వంటి చోట ఈ కీడును గుర్తుపట్టడం మరీ కష్టం. కార్మికునికి ఆయాసం వస్తే నింద బొగ్గు దుమ్ముమీదికే పోతుంది. చాలావరకు అది న్యాయమే. అయితే దుమ్ము వ్యాధి ఏళ్ల తరబడి ముదిరేది. మందువల్ల కలిగే వాపు తరచు కొద్ది వారాలలో, నెలలలో బయటపడుతుంది: పొడిదగ్గు, జ్వరం, ఆయాసం. ఎక్స్‌రే ఒక్కటే తేడా తేల్చలేకపోవచ్చు. మందు ఎప్పుడు మొదలుపెట్టారన్నదే కీలకం. చూర్ణమూ కషాయమూ మందులే కావన్నట్లు, రోగి వాటి మాటే డాక్టరు వద్ద ఎత్తడు!

11వ శతాబ్దిలో ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' రెండవ భాగంలో మందుల పరీక్షకు నియమాలు పెట్టాడు. పలు వ్యాధులు కలిసినవానిపై గాక, ఒకే వ్యాధి ఉన్నవానిపై మందును పరీక్షించాలన్నది వాటిలో ఒకటి. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులలో ఆ స్పష్టత దొరకదు. అందుచేత అనుమానం కలగగానే ఆ మూలికను ఆపి, దాన్ని వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లాలి. వేళకు ఆపితే చాలామంది కోలుకుంటారు. కొందరికి స్టిరాయిడ్లు అవసరమవుతాయి.