చక్రాల ఇంట్లో దాగిన నీరు

ఉత్తర అమెరికాలో అక్టోబరు నెలాఖరుకు రాత్రి ఉష్ణోగ్రతలు సున్నా డిగ్రీలను తాకడం మొదలయ్యేసరికి, లక్షలాది కుటుంబాలు తమ చక్రాల ఇళ్లకు తాళం వేసి, మళ్లీ ఏప్రిల్ దాకా వాటి జోలికి వెళ్లకుండా ఉండటానికి సిద్ధమవుతాయి. రిక్రియేషనల్ వెహికల్ అన్న పేరును కుదించి ఆర్వీ అని వ్యవహరించే ఈ వాహనాల్లో సొంత ఇంజిను ఉన్న మోటార్ హోమ్‌లు ఒక తరగతికి, పికప్ ట్రక్కుకు తగిలించి లాక్కుపోయే ట్రావెల్ ట్రైలర్లు మరో తరగతికి చెందుతాయి. రెండింటిలోనూ పడకలు, వంటగట్టు, ఫ్రిజ్, స్నానపు గది, మరుగుదొడ్డి అమరి ఉంటాయి కనుక ఒక చిన్న ఇంటికి కావలసిన నీటి ఏర్పాటంతా నేలపలక కింద, బీరువాల వెనుక, మంచాల అడుగున చుట్టుకొని ఉంటుంది. వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చూడటానికి వీటిని అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలకు ఆ ఏర్పాటులో కుళాయి, షవరు తప్ప వేరేమీ కనిపించదు. సొంతదారుకు మాత్రం చలికాలం రాకముందే తెలియవలసింది ఆ కనిపించని భాగమే, ఎందుకంటే ఖాళీగా నిలిపి ఉంచిన ఆర్వీకి అన్నిటికన్నా పెద్ద చేటు చేసేది దాని లోపల మిగిలిపోయిన నీరే.

ఆర్వీ చలికి ఎందుకంత త్వరగా లొంగుతుందో దాని నిర్మాణాన్ని చూస్తేనే తెలుస్తుంది. బరువు తగ్గాలన్న లెక్కతో దాని గోడలను కొద్ది సెంటీమీటర్ల మందాన, ఫైబర్‌గ్లాస్ లేదా అల్యూమినియం రేకుకూ పలుచని ప్లైవుడ్‌కూ మధ్య నురుగు పలకలను కూర్చి కడతారు. స్థిరమైన ఇంటికి పునాది అందించే భూమి వెచ్చదనం దీనికి లేదు సరికదా, చక్రాల సందున గాలి నేరుగా దూసుకుపోతూ ఉంటుంది. అమెరికాలో తయారయ్యే ఆర్వీలలో సుమారు 80 శాతం ఇండియానా రాష్ట్రం నుంచి, ముఖ్యంగా ఎల్క్‌హార్ట్ పరిసరాల నుంచి వస్తాయి. 1958లో మొదలైన విన్నిబేగో సంస్థ పుట్టినిల్లు అయొవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ. రెండు ఊళ్లలోనూ జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే ఉంటుంది కాబట్టి గడ్డకట్టే సమస్య తయారీదారులు ఎరగనిది కాదు. అయినప్పటికీ గొట్టాల అట్టడుగున డ్రెయిన్ వాల్వులు పెట్టడం, వాటర్ హీటరుకు పక్కదారి అమర్చడం వరకే వారి పాత్ర, ఏటా వాటిని తిప్పే బాధ్యత సొంతదారుదే.

నీరు చల్లబడుతూ 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధిక సాంద్రతకు చేరుకుంటుంది. మంచుగా మారేటప్పుడు దాని అణువులు షడ్భుజాకారపు వదులైన అల్లికలో కుదురుకోవడం వల్ల ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇది బడి పుస్తకాల్లో ఉన్న విషయమే అయినా, ఉబ్బిన మంచు గొట్టం గోడలను అడ్డంగా నెట్టి పగలగొడుతుందని చాలామంది అనుకునేది పూర్తిగా సరికాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని భవన పరిశోధన విభాగం 1990లలో జరిపిన ప్రయోగాల ప్రకారం, గొట్టంలో ఒకచోట మంచు బిరడా కట్టిన తరువాత అది పెరుగుతూ ముందున్న నీటిని సిరంజిలోని పిస్టన్ లాగా మూసి ఉన్న కుళాయి వైపు నెడుతుంది. నీరు దాదాపు నొక్కుకుపోని పదార్థం కావడంతో ఆ బిరడాకూ కుళాయికీ నడుమ పీడనం విపరీతంగా పెరిగి, చాలా సందర్భాల్లో మంచు లేని చోటనే, గొట్టంలో ఏది బలహీనమైతే అక్కడ, పగులు పడుతుంది. వేడి కవచం లేని అటకలలోని గొట్టాలకు బయటి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 7 డిగ్రీలకు దిగినప్పుడు ముప్పు మొదలవుతుందని కూడా ఆ పరిశోధన తేల్చింది. ఆ కొలత ఇళ్లకు సంబంధించినది కాబట్టి, గాలి నేరుగా తగిలే ఆర్వీ గొట్టానికి అంత వెసులుబాటు ఉంటుందని నమ్మి కూర్చోవడం మంచిది కాదు. చలి ఎంత దిగిందన్న దానితో పాటు ఎంతసేపు నిలిచిందన్నది కూడా ఇక్కడ ముఖ్యమే. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో వేకువన ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు వచ్చినా పొద్దెక్కగానే చలి విరిగిపోతుంది కనుక గొట్టాలకు ముప్పు లేదు. అమెరికాలోని మినెసోటాలో మాత్రం జనవరి వస్తే రోజుల తరబడి పగటి ఉష్ణోగ్రత కూడా సున్నా దాటదు.

ఇప్పటి ఆర్వీలలో వాడే గొట్టాలు చాలావరకు పెక్స్ రకానివి, అంటే అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి అడ్డంగా ముడివేసిన పాలిథిలిన్‌తో చేసినవి. సాగే గుణం ఉండటం వల్ల ఇవి లోపల నీరు గడ్డకట్టినా చాలాసార్లు తట్టుకుంటాయి. తట్టుకోలేనివి వాటి కొసల్లో ఉండే భాగాలు: ప్లాస్టిక్ జాయింట్లు, కుళాయి లోపలి కాట్రిడ్జ్, పాదంతో నొక్కితే టాయ్‌లెట్‌లోకి నీటిని వదిలే వాల్వ్, పంపు తలభాగం, పంపులోకి ఇసుక రేణువులు వెళ్లకుండా వడగట్టే పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ గిన్నె. ఆ గిన్నెలో పట్టేది గుక్కెడు నీళ్లే అయినా, ట్యాంకు ఖాళీ చేసిన వారు కూడా దాన్ని మరల విప్పి చూడరు కాబట్టి ఆ గుక్కెడే దానికి వెంట్రుకవాసి పగులు తెస్తుంది. జనవరిలో పడిన ఆ పగులును అందులోని మంచే మూసి ఉంచుతుంది కనుక నష్టం బయటపడేది ఏప్రిల్‌లో, నీళ్లు వదిలిన తరువాత. అదీ బీరువా పలకల వెనుక కావడంతో, నేలపై చెమ్మ కనిపించేలోగా ప్లైవుడ్ ఉబ్బి, పొరలు విడిపోయి, బూజు పట్టి ఉంటుంది. విరిగిన భాగం కొనడానికి అయ్యే ఖర్చు స్వల్పమే, నేలపలక మార్చడానికి అయ్యేది మాత్రం చాలా కుటుంబాలకు భరించలేనిది.

లోపల వెచ్చగా ఉంచితే చాలదా అన్న ప్రశ్న సహజం. మనుషులు నివసిస్తున్న ఆర్వీలో గ్యాసుతో మండే ఫర్నేసు ఆ పని చేస్తుంది. కానీ ఆ ఫర్నేసు గాలిపంకా బ్యాటరీతో తిరుగుతుంది, సిలిండరు ఖాళీ అయినా బ్యాటరీ నీరసించినా చూసుకునే మనిషి లేకపోతే ఒక్క రాత్రిలో వాహనమంతా బయటి చలికి సమానమవుతుంది. ఎవరూ లేని వాహనంలో ఎలక్ట్రిక్ హీటరును నెలల తరబడి వదిలేయడం అగ్నిప్రమాదాన్ని పిలిచినట్టే కాక, కరెంటు ఎన్నటికీ పోదన్న నమ్మకం మీద ఆధారపడిన పద్ధతి కూడా. తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే డల్లాస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో 2021 ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయినప్పుడు, టెక్సాస్ అంతటా లక్షల ఇళ్లకు సరఫరా నిలిచిపోయి, మనుషులున్న ఇళ్లలోనే గొట్టాలు పగిలి పైకప్పుల నుంచి నీరు కారింది. చలి అరుదుగా వచ్చే ప్రాంతం కాబట్టి ముందుజాగ్రత్త అక్కర్లేదన్న ధీమా ఎంత ప్రమాదకరమో ఆ వారం చూపింది. ఖాళీ వాహనానికి నికరమైన రక్షణ ఒక్కటే, లోపల గడ్డకట్టగల నీరు లేకుండా చేయడం. వింటరైజింగ్ అని పిలిచే ప్రక్రియ సారాంశమంతా ఇదే.

అందులో మొదటి పని వాటర్ హీటరు, అంటే తెలుగు ఇళ్లలో గీజర్ అనే పరికరం, దగ్గర మొదలవుతుంది. ఆర్వీలలో ఇది సాధారణంగా 6 గ్యాలన్లది, అంటే సుమారు 23 లీటర్లు పట్టేది. దాని గ్యాసునూ కరెంటునూ ఆపి, నీరు పూర్తిగా చల్లారాక, వేడినీటి కుళాయి తిప్పి లోపలి పీడనాన్ని వదిలించి, ఆ తరువాతనే అడుగున ఉన్న బిరడా విప్పాలి. ఈ వరుస తప్పితే సలసల కాగే నీరు పీడనంతో ముఖాన చిమ్ముతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. లోపల గాజుపూత వేసిన ఉక్కు ట్యాంకులలో ఆ బిరడాతో పాటు యానోడ్ అనే పొడవాటి కడ్డీ బయటికి వస్తుంది. మెగ్నీషియం లేదా అల్యూమినియంతో చేసిన ఈ కడ్డీ ఉక్కు కన్నా త్వరగా తుప్పుకు లొంగి, ట్యాంకుకు పట్టవలసిన తుప్పును తాను భరిస్తుంది. కొత్తప్పుడు వేలంత లావున నున్నగా ఉన్న కడ్డీ, రెండు మూడు వేసవుల తరువాత తీసి చూస్తే గుంటలు పడి, కొన్నిచోట్ల లోపలి సన్నని తీగ బయటపడి ఉంటుంది. ముప్పాతిక వంతు తరిగిపోయిన దాన్ని తిరిగి బిగించకుండా కొత్తది వేయడం ఉత్తమం. హీటరు తరువాత మంచినీటి ట్యాంకునూ, వేడినీటి గొట్టానికి ఒకటీ చన్నీటి గొట్టానికి ఒకటీ చొప్పున అట్టడుగున ఉండే డ్రెయిన్ వాల్వులనూ తెరవాలి. వంటగది, స్నానాల నీరు చేరే గ్రే ట్యాంకునూ, టాయ్‌లెట్ కింది బ్లాక్ ట్యాంకునూ అనుమతి ఉన్న డంపింగ్ స్టేషనులో ఖాళీ చేసి కడగాలి.

ఇంత చేసినా గొట్టాల వంపుల్లో నీరు మిగులుతుంది. దాన్ని తరిమేందుకు కొందరు కంప్రెసర్‌తో గాలి ఎక్కిస్తారు. పీడనం చదరపు అంగుళానికి 40 పౌండ్లకు మించకుండా చూసుకుంటూ, ఒక్కో కుళాయినీ విడివిడిగా తెరుస్తూ చేస్తే ఇది మంచి పద్ధతే. అయితే గాలి గొట్టం మధ్య నుంచి దూసుకుపోయి అంచులకు అంటిన నీటిని వదిలేస్తుంది, ఆ నీరు మళ్లీ పల్లానికి చేరి జాయింట్ల దగ్గర నిలుస్తుంది. సింకుల కింద దుర్వాసన రాకుండా నీటిని పట్టి ఉంచే ట్రాపులనూ, పంపు లోపలి గదులనూ గాలి రక్షించలేదు. అందువల్ల గాలితో ఆపకుండా, ఆ తరువాత ఆర్వీల కోసమే తయారుచేసే గులాబీ రంగు యాంటీఫ్రీజ్‌ను కూడా నింపడమే తెలివైన పని. హీటరును పక్కదారి వాల్వులతో వేరుచేశాక, పంపు పీల్చే గొట్టాన్ని యాంటీఫ్రీజ్ డబ్బాలో ముంచి పంపు నడిపి, ప్రతి కుళాయిలో వేడి వైపు, చన్నీటి వైపు గులాబీ రంగు కనిపించేదాకా వదలాలి. ఆపై షవరు, టాయ్‌లెట్, వాహనం వెలుపల ఉండే షవరు, చివరగా ప్రతి ట్రాపులోనూ ఒక కప్పు. మరచిపోయేది సాధారణంగా వెలుపలి షవరునే. వాహనానికి రెండు మూడు గ్యాలన్లు సరిపోతాయి, కానీ పక్కదారి తిప్పడం మరిస్తే హీటరే ఆరు గ్యాలన్లు మింగేస్తుంది.

ఈ ద్రవం ఎంపికలో పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. గులాబీ యాంటీఫ్రీజ్‌లో ఉండేది ప్రొపిలిన్ గ్లైకాల్, ఆహార పదార్థాల్లోనూ మందుల్లోనూ పరిమిత మోతాదులో అనుమతించినది. కార్ల రేడియేటర్లలో పోసేది ఇథిలిన్ గ్లైకాల్, తియ్యగా ఉండే విషం, కాలేయంలో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలలో స్ఫటికాలుగా పేరుకొని వాటిని పనిచేయకుండా చేసేది. 2022లో గాంబియాలో పసిపిల్లల మరణాలకు సంబంధించి పరీక్షించిన, భారత్‌లో తయారైన సిరప్‌లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన కలుషితాలు ఈ ఇథిలిన్ గ్లైకాల్, దాని సోదర పదార్థమైన డైఇథిలిన్ గ్లైకాల్‌లే. తాగునీటి గొట్టంలోకి అటువంటి ద్రవం ఒక్క చుక్క కూడా పోకూడదు. ఇథనాల్ కలిపిన చవక రకాలకు మంటలంటుకునే గుణం ఉండటమే కాక, అవి రబ్బరు సీళ్లను ఎండగడతాయి. డబ్బా మీద ముద్రించే మైనస్ 50 అన్న అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి: అది ఫారెన్‌హీట్ కొలత, సెల్సియస్‌లో సుమారు మైనస్ 46, పైగా గొట్టం పగలకుండా ఉండే హద్దును మాత్రమే తెలుపుతుంది. ద్రవం అంతకు చాలా ముందే, మైనస్ 10–15 డిగ్రీల మధ్యనే, మెత్తటి ముద్దగా మారడం మొదలవుతుంది, కానీ గట్టి బిరడాగా బిగుసుకోకుండా పక్కకు జరుగుతూ ఉంటుంది. గొట్టాల్లో మిగిలిన నీటితో కలిస్తే ఈ రక్షణ పలచబడుతుంది. ముందుగా ఖాళీ చేయడం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం అదే.

బ్యాటరీ విషయంలో రకాన్ని బట్టి నియమం మారుతుంది. సీసం–ఆమ్లం బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి ఉంటే మైనస్ 50 డిగ్రీల చలిలోనూ గడ్డకట్టదు, ఖాళీ అయితే లోపలి ద్రవం దాదాపు నీరే కాబట్టి సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టెను పగలగొడుతుంది. అన్నీ ఆపినట్టు కనిపించినా గ్యాసు లీకును పసిగట్టే పరికరం వంటివి రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా విద్యుత్తు లాగుతూ ఉంటాయి కనుక తీగలు విప్పడం తప్పనిసరి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహపు పొర పేరుకొని అది శాశ్వతంగా చెడుతుంది. ఇక గ్యాసు సంగతికి వస్తే, అమెరికా ఆర్వీల సిలిండర్లలోని ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి చలి దాన్ని అంతగా బాధించదు. బ్యూటేన్ కూడా కలిసిన భారతీయ ఎల్పీజీ ఆ చలిలో అంత సులువుగా ఆవిరి కాదు, ఎందుకంటే బ్యూటేన్ మరిగేది మైనస్ అర డిగ్రీ వద్ద. ఏ గ్యాసైనా సిలిండరు వాల్వు మూసే ఉండాలి. ఎలుకలు దూరే సందుల్లో ఉక్కు పీచు కుక్కడం, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచడం, పైకప్పు అతుకుల్లో పగుళ్లు పూడ్చడం కూడా అదే రోజు చేయదగ్గవి.

వసంతంలో నీళ్లు తిరిగి నింపేటప్పుడు యాంటీఫ్రీజ్ పోయేదాకా గొట్టాలను కడిగి, 15 గ్యాలన్లకు పావు కప్పు, అంటే 57 లీటర్లకు 60 మిల్లీలీటర్ల చొప్పున, సువాసన కలపని బ్లీచ్‌ను పోసి కొన్ని గంటలు ఉంచి మళ్లీ కడగాలి. హీటరు ట్యాంకు నిండి, వేడినీటి కుళాయి నుంచి ఎడతెగని ధార వచ్చేదాకా దాని కరెంటు మీట వేయకూడదు, పొడి ట్యాంకులో ఎలిమెంటు క్షణాల్లో మాడిపోతుంది. ఆ తరువాత కుళాయిలన్నీ మూసి పంపు మీట వేస్తే, గొట్టాల్లో పీడనం నిండగానే పంపు దానంతటదే ఆగుతుంది. ఎవరూ కుళాయి తిప్పకుండానే కొద్ది నిమిషాలకు అది మళ్లీ క్షణకాలం నడిస్తే ఎక్కడో నీరు కారుతున్నట్టే లెక్క, ఆ చోటు దొరికేదాకా ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి, బీరువా పలకలను తిరిగి బిగించకూడదు.