తోటరాముడు ఆటలోకి వస్తే?

మొన్న వేసవిలో రెడ్డిగూడెం నుంచి మా అక్కయ్య కబురు పెట్టింది. డిగ్రీ చదువుతున్న మేనల్లుడు పట్టా చేతికి రాగానే వీడియో గేములు తయారుచేయడం నేర్చుకుంటాడట! ‘‘మరి తోట ఎవడు చూస్తాడు?’’ అని బావగారి గోల. నచ్చజెప్పడానికి నేను కావలసివచ్చాను.

వెళ్లేసరికి బయట రసాల కోత జోరుగా సాగుతోంది. లోపల కుర్రాడు కంప్యూటర్ ముందు కత్తి తిప్పుతున్నాడు. ఆట పేరు ‘ది విచర్ 3’. పోలెండ్ దేశపు సి.డి. ప్రాజెక్ట్ రెడ్ వారు 2015లో విడుదల చేశారు.

‘‘ఏముందిరా అందులో?’’

‘‘కథ ఉంది మామయ్యా, కూర్చో!’’

కూర్చున్నాను. లేవడానికి మూడు రాత్రులు పట్టింది!

ఆటలో మొదట వచ్చే పల్లె పేరు వైట్ ఆర్చర్డ్. అంటే తెల్ల తోట అన్నమాట. అక్కడ ఓ పాడుబడ్డ బావి. మిట్టమధ్యాహ్నం దాని చుట్టూ ఆడదయ్యం తిరుగుతుంది. కత్తి ఒక్కటీ ఉంటే చాలదు. బావిలో దిగి ఆమె కంకణం వెతికి తెచ్చి, అస్థికలతో పాటు కాల్చాలి. ఆ తర్వాతే పోరాటం.

వెనక నిలబడి చూస్తున్న అక్కయ్య, ‘‘మిట్టమధ్యాహ్నం తోటలోకి పోవద్దని అమ్మ ఊరికే అనేదా?’’ అంది. చూశారా! ఎక్కడి పోలెండ్, ఎక్కడి రెడ్డిగూడెం! వాళ్ల పల్లె భయాన్ని వాళ్లు దాచుకోకుండా ఆటలో పెట్టారు. అందుకే మనకూ నమ్మబుద్ధయింది.

నా మటుకు నాకు మాయకు కట్టుబాటు ఉండాలి. 1951లో కె.వి. రెడ్డి, పింగళి ‘పాతాళ భైరవి’లో చేసిందదే. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే అమ్మవారు వాళ్ల మాటే వింటుంది, దొంగ చేతిలో ఉన్నా సరే! ఆ ఒక్క నియమం వల్లే తోటరాముడు అన్నీ పోగొట్టుకుంటాడు, మళ్లీ గెలుస్తాడు. ‘మాయాబజార్’ (1957) సరేసరి. ఘటోత్కచుడి కొలువుకని ‘వీరతాళ్లు’, ‘అసమదీయులు’ అంటూ పింగళి వేరే మాటలే పుట్టించారు. లోకం సృష్టించడమంటే అదీ!

2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ దగ్గర మాత్రం మా ఇద్దరికీ తగాదా. దాని పూర్వగాథ రాసింది జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్. అయితే కథలో చాలా భాగాన్ని దొరికిన కత్తులు, ఉంగరాల మీది వివరాల్లో చదివి ఏరుకోవాలి. టిక్కెట్టు కొన్నవాడికి కథను ముక్కలు చేసి సీట్ల కింద దాచినట్టు లేదూ? ‘‘ఆ వెతుకులాటే మజా’’ అంటాడు వాడు.

మనవాళ్లూ ఊరుకోలేదు. 2017లో బెంగళూరు మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ‘బాహుబలి’ని సెల్‌ఫోన్ ఆటగా తెచ్చింది. కోట కట్టు, సైన్యం పెంచు, కాలకేయుల్ని తరుము! బాగానే ఉంది గాని, శివగామి మాట బరువు నా చేతికి తగల్లేదు. గోడలు కట్టినంత మాత్రాన మాహిష్మతి అయిపోతుందా?

నాలుగో రోజు బావగారు అడిగారు, ‘‘నచ్చజెప్పావా?’’ అని.

‘‘చెప్పాను బావగారూ, ముందు మన తోటలో పాతబావి బొమ్మ గీయమన్నాను’’ అన్నాను.

ఆయన మొహం చూడాలి! కానీ మీరే చెప్పండి. 2022 నుంచి రెడ్డిగూడెం ఉన్నది ఎన్.టి.ఆర్. జిల్లాలో. మామిడి తోటలకు కొదవ లేదు. తోటరాముడి పేరున్న జిల్లాలో ఇంకో తోటరాముడు పుట్టకూడదా?